ముందు పానగల్లు నీడ చూపించండి, హైదరాబాద్ తర్వాత చూద్దాం

ప్రశ్న: పోయినసారి డీఎస్సీలో సెలెక్టయి, నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేరాను. పక్క ఊరి ప్రైవేటు స్కూలు వాళ్లు ఏటా ఏసీ బస్సులో పిల్లల్ని హైదరాబాద్ ఆటల పార్కుకు తీసుకెళ్తారు. మా ఎనిమిదో తరగతి పిల్లలు "మేడం, మనమెప్పుడు పోతం?" అని రోజూ అడుగుతున్నారు. వాళ్ల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలి పనులకు వెళ్లేవాళ్లే. రెండు మూడొందలకు మించి పెట్టలేరు. హెడ్మాస్టర్ గారేమో "ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తరమ్మా?" అంటున్నారు. సిలబస్ పోతుందని సీనియర్ల మాట. ఆడపిల్లల్ని ఇళ్లలో పంపరన్న భయం నాది. ఇంత టెన్షన్ పడి తీసుకెళ్తే పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా? నేర్చుకుంటారంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?
(ఒక టీచర్, నల్లగొండ జిల్లా)

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నలకే ముందు జవాబు చెప్తాను. నేర్చుకుంటారు. కాకపోతే బస్సెక్కినంత మాత్రాన నేర్చుకోరు. ఏదో ఒకటి తేల్చుకుని రావాలని బయల్దేరిన పిల్లలు నేర్చుకుంటారు. ఊరికే ట్రిప్పుకు పోతున్నామని బయల్దేరినవాళ్లు ఆడుకుని, అలసిపోయి, తిరుగు ప్రయాణంలో నిద్రపోతారు. అదీ వాళ్లకు కావాల్సిందే, నేను కాదనను. ఆటల పార్కుకు వెళ్లే పిల్లల్ని మీ పిల్లల ముందు తక్కువ చేసి మాట్లాడకండి, ఆ సంతోషం మీ పిల్లలకూ ఎప్పుడో ఒకప్పుడు దొరకాలి. అయితే మీరు అడిగింది చదువు గురించి. దానికి దూరాలు అక్కర్లేదు, ఏసీ బస్సు అంతకన్నా అక్కర్లేదు. మీ జిల్లాలో, మీ మండలం చుట్టుపక్కల, ఆఖరికి మీ బడి గోడ అవతల ఉన్నదే మీ పిల్లలకు ఏడాదంతా సరిపోతుంది.

మొదటి పెద్ద ప్రయాణం నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లుకు పెట్టుకోండి. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడ రాజుల కాలంలో అది రాజధాని. ఛాయా సోమేశ్వరాలయం అక్కడే ఉంది. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుని ఉంటాయి. సోమేశ్వరుడున్న గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, ఒక స్తంభం నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలబడి ఉంటుంది. ఈ మాట పిల్లలకు ముందురోజు క్లాసులో చెప్పండి. ఇంకేమీ చెప్పకండి. "సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతాడు కదా, మన నీడ పొద్దున పొడుగ్గా, మధ్యాహ్నం పొట్టిగా ఉంటుంది కదా, మరి ఆ నీడ ఎందుకు కదలదు?" అని అడిగి వదిలేయండి. ఆ రాత్రి వాళ్లకు నిద్ర పట్టకపోతే మీ పని సగం అయిపోయినట్టే.

గుడికి వెళ్లాక వాళ్లను వెతకనివ్వండి. ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టమనండి. ఒకరు ఒక స్తంభం పక్కన నిలబడతారు, ఇంకొకరు లోపల గోడ వైపు చూస్తారు. ఒక్కో స్తంభం దగ్గరా అదే పని. ఏ ఒక్క స్తంభాన్ని పట్టుకున్నా లెక్క కుదరదు, పిల్లలు తికమక పడతారు. పడనివ్వండి. తొందరపడి మీరు విడమరిచి చెప్పేశారంటే ఆ ప్రయాణం అక్కడితో అయిపోతుంది. సంగతి ఏమిటంటే, ఆ గోడ మీద పడేది నేరుగా వచ్చే ఎండ కాదు. మండపం పక్కల నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు. దానికి ఒకటికి మించిన స్తంభాలు అడ్డం పడి ఆ నీడను ఏర్పరుస్తాయి. సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నా వెలుగు లోపలికి వచ్చే దారులు మారవు కాబట్టి నీడ కూడా మారదు. బడికి తిరిగొచ్చాక మీ ఫిజిక్స్ టీచర్‌ను కలుపుకుని ఒక అట్టపెట్టెకు పక్కల కిటికీలు కోయండి, లోపల పెన్సిళ్లు స్తంభాల్లా నిలబెట్టండి, వరండాలో పెట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడమనండి. ఒక్కసారికే కుదరదు. కిటికీ పెద్దది చేస్తారు, పెన్సిల్ జరుపుతారు, మళ్లీ చూస్తారు. ఆ జరపడంలోనే వాళ్లకు వెలుగు సంగతి తెలుస్తుంది. ఆ శిల్పులు ఎంత లెక్క వేసుకుని కట్టారో అప్పుడు పిల్లలకు అర్థమవుతుంది, మీరు పొగిడి చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అది పూజలు జరిగే గుడి. పూజారి గారితో ముందే మాట్లాడి, రద్దీ లేని రోజు చూసుకోండి. మీ తరగతిలో ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు ఉంటే వాళ్ల అమ్మానాన్నలకు విడిగా చెప్పండి. చూడటానికి వెళ్తున్నది నీడను, రాతిపనిని అని, పూజ ఎవరి మీదా రుద్దమని చెప్పండి. ముందే గౌరవంగా అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు. చెప్పకుండా తీసుకెళ్తే మాత్రం తర్వాత నమ్మరు.

పానగల్లులోనే పచ్చల సోమేశ్వరాలయం ఉంది. గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కారు. పిల్లలకు తెలిసిన కథలే కాబట్టి బొమ్మల్ని చూసి కథ ఏదో పోల్చుకోమనండి. పక్కనే పురావస్తు మ్యూజియం. ఇవి రెండూ కలిపి గంట చాలు. ఆ తర్వాత ఉదయసముద్రం కట్ట మీదికి తీసుకెళ్లండి. రాజుల కాలం నాటి చెరువులో ఇవాళ నిండేది కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ డ్యాం వెనక నిలిచే నీళ్లను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోస్తారు. అక్కడి నుంచి కాలువ ఉదయసముద్రానికి వస్తుంది. హైదరాబాద్‌కు పోయే కృష్ణా తాగునీళ్లు కూడా అక్కంపల్లి నుంచే తీసుకుంటారు. ఈ దారిని మ్యాపులో గీయమనండి. ఒక సోషల్ టీచర్‌కు ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

పానగల్లు కన్నా ముందు ఒక చిన్న ప్రయాణం చేయించండి. దానికి బస్సు అక్కర్లేదు. మీరున్నది ఫ్లోరైడ్ ప్రాంతం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పేర్లు చెప్తే ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోయే జబ్బు, గుర్తొచ్చే రోజులు చాలాకాలం నడిచాయి. మీ పిల్లల తాతలు, నానమ్మలు ఏ నీళ్లు తాగి బతికారో పిల్లలకు తెలియాలి. ఇద్దరిద్దరిగా ఊళ్లోకి పంపండి. "మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లు? ఎవరు మోసేవాళ్లు? బోరు ఎప్పుడు పడింది? నల్లా ఎప్పుడు వచ్చింది?" ఇంతే అడగమనండి. వంగిపోయిన కాళ్లను, చేతులను చూపించమని ఏ బిడ్డా ఏ ముసలమ్మనూ అడగకూడదు, ఫొటో తీయకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్లు వాళ్ల ఫొటోలు చాలానే తీసుకుపోయారు. పిల్లలు అడగాల్సింది వాళ్ల అనుభవం, అది మర్యాదగా అడిగితే వాళ్లే గంటల తరబడి చెప్తారు.

తర్వాత బడిలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని మన దేశ ప్రమాణం. వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వాళ్లు 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టారు. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. నీటి శుద్ధి గురించి ఎక్కడ చదివినా ఆ పేరు కనిపిస్తుంది. మీ పిల్లల జిల్లా పేరది, వాళ్లకు తెలియకపోవడం అన్యాయం. ఒక బకెట్ బురద నీళ్లలో పటిక తిప్పి, మట్టి ఎలా కిందికి దిగుతుందో చూపించండి. అయితే తేటగా కనిపించే నీళ్లన్నీ మంచివి కావని, ఫ్లోరైడ్ కంటికి కనబడదని కూడా చెప్పండి. మంచినీళ్ల శాఖ సిబ్బంది దగ్గర పరీక్ష కిట్లు ఉంటాయి. బడికి రమ్మని అడిగి చూడండి.

మీకు దగ్గర్లో నేర్చుకోవడానికి ఇంకో గని ఉంది. గట్టుప్పల్, పుట్టపాక మగ్గాల ఊళ్లు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే బట్టకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి సిద్ధం చేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులతోనే అంత నేత. నేయకముందే దారం మీద ఎక్కడ రంగు అంటాలో, ఎక్కడ అంటకూడదో లెక్క కట్టి కడతారు. మీ లెక్కల మాస్టారికి గ్రాఫు పేపరు ఇచ్చి కూడా తీసుకెళ్లండి. ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వేల సార్లు తిప్పడం, చూస్తే ఆడవాళ్ల భుజాల నొప్పి ఏమిటో పిల్లలకు తెలుస్తుంది. ఆ నొప్పి తల్లి దగ్గర చూసే, బడి చదువు మధ్యలో ఆగిపోయిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ మగ్గం పక్కన నిలబడి చెప్పండి. నేత ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పని ఆగుతుంది, పని ఆగితే కూలి పోతుంది. చిన్న గుంపులుగా వెళ్లండి, ముందే అడిగి వెళ్లండి, వీలైతే ఆ పూట కూలికి సరిపడా ఎంతో కొంత ఇవ్వండి.

నాగార్జునసాగర్ వచ్చే ఏడాదికి ఉంచుకోండి. అక్కడికి తీసుకెళ్లే ప్రశ్న మీ ఊళ్లోనే ఉంది. "డ్యాం మన జిల్లాలోనే ఉండంగ మన పొలాలకు నీళ్లెందుకు రాలే?" పెద్దవాళ్లు కోపంతో అడిగే ప్రశ్న ఇది, పిల్లలు లెక్కతో అడగాలి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. జలాశయం నిండినప్పుడు నీటి మట్టం 590 అడుగులు, అంటే సముద్ర మట్టానికి దాదాపు 180 మీటర్లు. ఎడమ కాలువ వాలు మీదే పారుతూ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వెళ్తుంది. సెల్‌ఫోన్‌లో ఎత్తు చూపించే యాప్ పెట్టుకుని బడి దగ్గర ఒకసారి, డ్యాం దగ్గర ఒకసారి రాసుకోమనండి. మీ ఊరు ఎంత ఎత్తులో ఉందో వాళ్లే చూస్తారు. అక్కడి నుంచి ఎత్తిపోతల మాట, కరెంటు ఖర్చు మాట, రాజకీయాల మాట కూడా వస్తుంది. రానివ్వండి. 26 గేట్లు లెక్కపెట్టుకుని, అక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనం చూసి, చీకటి పడకముందే ఇంటికి చేరండి. నాగార్జునకొండకు లాంచీ ప్రయాణం మొదటిసారి వద్దు.

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు టీచర్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రెండు మాటలు. కృష్ణ మండలం ముడుమాల్‌లో మూడు వేల ఏళ్లకు పైబడిన నిలువురాళ్లు ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కు ఏడాది పొడవునా ఎలా మారుతుందో ఆ రాళ్ల వరసలు పట్టుకుని చెప్పొచ్చు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలతో పాటు, శ్రీశైలం ముంపు నుంచి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. గుడిని ఊరు మార్చడం ఎలాగో పిల్లలు ఊహించలేరు, చూస్తే తప్ప. పిల్లలమర్రికి అందరూ వెళ్తారు. వెళ్తే ఊడలు ఎన్ని మాన్లయ్యాయో లెక్కపెట్టించండి, 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి చెప్పండి.

ఇక మీ హెడ్మాస్టర్ గారి మాట. ఆయన భయం తప్పు కాదమ్మా. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలిన సంగతి నదిలో నిలబడ్డ ఆ పిల్లలకు తెలియదు. ఆ తల్లిదండ్రుల్లో ఎవరూ పంపకూడని చోటికి పంపలేదు. అందుకే ఒక నియమం పెట్టుకోండి, దానికి మినహాయింపు లేదు: ఏ ప్రయాణంలోనూ ఏ పిల్లా పిల్లాడూ నీళ్లలో కాలు పెట్టకూడదు. చెరువు, కాలువ, జలాశయం, క్వారీ గుంత, ఏదైనా సరే. చెరువు కట్ట మీద నడిచేటప్పుడు నీళ్ల వైపు పెద్దవాళ్లు ఉండాలి.

ఆయనకు నోటితో కాదు, కాగితం మీద చెప్పండి. ఏ రోజు, ఎంతమంది, ఎవరెవరు వెంట వస్తారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు, ప్రతి బిడ్డ ఇంటి ఫోన్ నంబరు, తల్లిదండ్రుల సంతకం. ఫిట్స్, ఆస్తమా ఉన్న పిల్లలెవరో వాళ్ల ఇళ్లకు వెళ్లి కనుక్కోండి, ఫారంలో రాయరు. పది మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, అన్నం దగ్గర పేర్లు పిలవాలి. ఆయన సంతకం పెట్టడానికి ఒక ఆధారం కూడా చూపించండి. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోట పనివాళ్లు, కళాకారుల దగ్గర నేర్చుకోవాలని రాశారు. మీ మగ్గాల ప్రయాణం అచ్చంగా అదే. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఒక కాపీ పంపమనండి, హెడ్మాస్టర్ గారి మీది భారం కొంత తగ్గుతుంది.

ఆడపిల్లల గురించి మీరు అనుకుంటున్నంత కష్టం లేదు. చీకటి పడకముందు తిరిగి రావడం, నమ్మకమైన మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోవడం, ఆ తల్లుల్లోనే ఇద్దరు ముగ్గుర్ని వెంట తీసుకెళ్లడం, ఈ మూడూ చేస్తే ఎక్కువమంది పంపుతారు. మీ బడికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంటుంది కదా, అక్కడే అడగండి. కూలి పనికే తప్ప ఊరు దాటని తల్లులు ఉంటారు. వాళ్లు పానగల్లు వస్తే పిల్లలతో పాటు వాళ్లూ ఆ నీడ కోసం వెతుకుతారు. మీ బ్యాగులో శానిటరీ ప్యాడ్లు పెట్టుకోండి, ఆ సంగతి ఆడపిల్లలకు ముందే చెప్పండి. బస్సు పడని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టి కవర్లు, నిమ్మకాయలు ఉంచుకోండి.

డబ్బు విషయంలో, 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు, మహిళలకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు పెట్టుకుంటే చాలు. మగపిల్లల టికెట్లే మీ ఖర్చు. క్లాసు మొత్తాన్ని ఒకేసారి మామూలు బస్సులో ఎక్కించడం ప్రమాదం కాబట్టి రెండు జట్లుగా రెండు రోజులు వెళ్లండి, లేదా దాతలు దొరికితే ఆర్టీసీ బస్సు మాట్లాడుకోండి. మధ్యాహ్న భోజనం వండే అక్కలను ఆ పూట పులిహోర కట్టివ్వమని అడగండి. ఒకటి మాత్రం చేయకండి: డబ్బు ఇచ్చినవాళ్ల, ఇవ్వనివాళ్ల పేర్లు క్లాసులో చదవకండి. డబ్బులు లేక ఆగిపోయిన బిడ్డ "నాకు ఇష్టం లేదు మేడం" అంటుంది. ఆ మాట నమ్మి వదిలేయకండి. ఆ నాలుగు టికెట్లు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియకుండా పెట్టండి.

మార్కులు వచ్చినవాళ్లనే తీసుకెళ్దామని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. నేను హైస్కూలు పిల్లలతో ఉన్నన్నాళ్లూ చూసింది ఇదే: క్లాసులో వెనక బెంచీలో నోరు తెరవని పిల్లాడు బయట ముందు నడుస్తాడు. మేకల వెంట తిరిగినవాడికి ఏ చెట్టు ఆకు మేక తినదో తెలుసు, కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో తెలుసు. ఆ రోజు మిగతా పిల్లలు వాడిని అడిగి తెలుసుకుంటారు, మీరూ అడగండి.

సిలబస్ సంగతి చెప్పేది ఎక్కువ లేదు. నీడలు, నీటి వనరులు, మధ్యయుగ రాజ్యాలు, చేతివృత్తులు అన్నీ పాఠాల్లో ఉన్నవే. ఆ పాఠం వచ్చే వారంలో ప్రయాణం పెట్టుకుంటే పోయేది ఒక రోజు మాత్రమే, అదీ తర్వాత రివిజన్‌లో తిరిగొస్తుంది. పదో తరగతి వాళ్లను ఈ ఏడాదికి వదిలేయండి, సీనియర్లకు అభ్యంతరం ఉండదు.

వచ్చాక రెండు పేజీల వ్యాసం మాత్రం రాయించకండి. "ఉదయం ఆరు గంటలకు బయల్దేరాము" అని అందరూ ఒకటే రాస్తారు. ఒక బొమ్మ, ఇంకా తీరని ఒక సందేహం, ఇవి చాలు. సందేహాలన్నీ ఒక చార్టు మీద రాసి గోడకు పెట్టండి. జవాబు దొరికినప్పుడల్లా దాని పక్కన దొరికినవాళ్ల పేరు రాయండి.

ఎండలు ముదిరితే పిల్లలతో బయట తిరగలేరు కాబట్టి డిసెంబర్, జనవరి నెలల్లోనే ముగించుకోండి. అంతకుముందు ఒక సెలవు రోజున మీరొక్కరే పానగల్లు వెళ్లి రండి. బస్టాండు నుంచి ఆటోకు ఎంత పడుతుంది, మ్యూజియం ఏ రోజు మూస్తారు, తాగునీళ్లు ఎక్కడున్నాయి, పిల్లలు కూర్చుని అన్నం తినడానికి నీడ ఎక్కడుంది, అన్నీ రాసుకోండి. ఆ కాగితాన్ని కూడా హెడ్మాస్టర్ గారికి ఇచ్చే ఫైలులో పెట్టండి.